పట్టూ విడుపూ: పిల్లల పెంపకం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయనగరం. గజపతినగరం వైపు ఓ పల్లెలో ప్రభుత్వ ప్రాథమిక బడిలో టీచర్ని. మావారిది జూట్ మిల్లులో షిఫ్టు డ్యూటీ. పెద్దాడికి 11 ఏళ్లు, చిన్నదానికి 7. టైం టేబుల్ పెట్టి కాకుండా, కొన్నిట్లో పట్టుగా, తక్కినవాటిలో విడుపుగా పెంచుతున్నాం. బస్సులో పక్క సీటావిడ, పేరంటంలో చుట్టాలు, రాత్రి పదకొండుకి ఫోన్ చేసే మా చెల్లెలు, అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతుంటారు. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను. నేను డాక్టర్ని కాదు. డాక్టరుకి చూపించాల్సిన చోట చూపించమనే రాశాను.

టైం టేబుల్ లేకుండా పెంచడమంటే గాలికి వదిలేయడమే కదా?

గాలికి వదిలేసిన ఇంట్లో గుంటడు పొద్దున్నుంచి ఏం తిన్నాడో ఎవరికీ తెలీదు. పట్టూ విడుపూ ఉన్న ఇంట్లో అందరికీ తెలుసు, కాకపోతే నిన్న ఎనిమిదింటికి తిన్నాడు కాబట్టి ఇవాళా ఎనిమిదింటికే తినాలని ఎవరూ పీకల మీద కూర్చోరు. నిజం చెప్పాలంటే దీనికి టైం టేబుల్ కంటే ఎక్కువ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. కాగితం మీద ఉన్నదాన్ని చూసి చేసేయడం తేలిక. పిల్ల మొహం చూసి, ఇది ఆకలి ఏడుపా నిద్ర ఏడుపా అని పోల్చుకుని చేయడం కష్టం.

మా నాన్న ఆవుని కట్టేటప్పుడు గుంజని రెండుసార్లు ఊపి చూసేవాడు. పలుపు మాత్రం ఆ రోజు గట్టు మీద గడ్డిని బట్టి వదిలేవాడు. "పిల్లల్ని ఆవుతో పోలుస్తావేటే" అని మా అమ్మ నన్ను తిట్టింది గానీ నాకు ఇంతకంటే బాగా చెప్పడం చేతకాలేదు. మా ఇంట్లో గుంజలు నాలుగే. రాత్రి పడుకునే ముందు జరిగే వరస, అందరం కలిసి తినే ఒక పూట, టీకాలూ మందులూ, పిల్లల ఒంటి మీద చెయ్యి పడకపోవడం. తక్కినదంతా పలుపే.

మీరు మొదట్నుంచీ ఇలాగే ఉన్నారా?

అబ్బే. పెద్దాడు పుట్టినప్పుడు నేనే చార్టు మీద రెండు రంగుల స్కెచ్ పెన్నులతో టైం టేబుల్ రాసి బీరువా తలుపుకి అతికించాను. టీచర్ని కదా, గళ్లు గీయకపోతే తోచదు. 6:30కి పాలు, 7:15కి నూనె, 7:40కి స్నానం, అలా రాత్రి దాకా 22 గళ్లు. మావారికి ఒక వారం 'ఏ' షిఫ్టు (పొద్దుటిది), ఇంకో వారం 'బి' (సాయంత్రంది), మరో వారం 'సి' (రాత్రిది). సి షిఫ్టు వారం ఆయన తెల్లారి ఆరున్నర కాకముందే జనపనార నూనె వాసనతో ఇంటికొస్తారు. సైకిలు స్టాండు వేసిన చప్పుడుకే పిల్లాడు లేచి కూర్చునేవాడు. ఆ గడిలో "నిద్ర" అని రాసుంది.

ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి పాల గడి వచ్చింది. వాడు ఆదమరిచి నిద్రపోతున్నాడు. అరికాలు గీకి లేపుతున్నాను. మా అత్తగారు గుమ్మంలో చేట పట్టుకుని నిలబడి చూస్తున్నారు. "నిద్రపోతున్న గుంటడిని లేపి ఆకలేస్తందా అని అడుగుతావేటమ్మా?" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఆవిడ మాటలో తప్పేమీ దొరక్కపోవడం వల్ల ఇంకా వచ్చింది.

ఆ చార్టుని నేను తీయలేదు. పాకడం నేర్చాక వాడే కింది మూల పట్టుకుని లాగేశాడు. బంక మరక ఇంకా బీరువా మీద ఉంది.

చంటిపిల్లకి పాలు టైముకి ఇవ్వాలా, అడిగినప్పుడల్లా ఇవ్వాలా?

తల్లిపాలైతే అడిగినప్పుడల్లా. పుట్టిన కొత్తలో రోజుకి 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. నాలుగు గంటలకోసారే పట్టాలన్న లెక్క మన పెద్దవాళ్లది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో న్యూజిలాండ్ డాక్టరు ట్రూబీ కింగ్ లాంటి వాళ్లు గడియారం చూసి పాలివ్వమని గట్టిగా ప్రచారం చేశారు. ఆ పద్ధతిని వైద్యులు ఎప్పుడో పక్కన పెట్టేశారు, మనలో కొందరం మాత్రం ఇంకా పట్టుకుని వేలాడుతున్నాం.

అడగడమంటే ఏడవడమే కానక్కర్లేదు. నోరు తిప్పి వెతుకుతుంది, పిడికిలి చప్పరిస్తుంది. ఏడుపు వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట. చాలుతున్నాయో లేదో తెలియాలంటే గడియారం కంటే గోచీ మేలు: మొదటి వారం దాటాక రోజుకి ఆరు, అంతకు మించి తడుపుతుంటే, బరువు పెరుగుతుంటే చాలినట్టే. నెలలు నిండకుండా పుట్టినా, తక్కువ బరువుతో పుట్టినా, పసిరికలు (కామెర్లు) ఉన్నా ఈ మాట వర్తించదు. వాళ్లని లేపి పట్టమని డాక్టరు చెబితే లేపి పట్టాల్సిందే.

ఆరు నెలలు నిండే దాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా వద్దు. మే నెల ఎండల్లో ఈ మాట చెబితే మా వీధి ముసలమ్మలు నన్ను రాక్షసిని చూసినట్టు చూస్తారు. తల్లిపాలలో ఉన్నదే ఎక్కువ నీరని చెప్పి చూడండి.

నిద్ర సంగతేటి? మా పాప ఒకరోజు తొమ్మిదికి పడుకుంటుంది, ఒకరోజు పదకొండుకి.

గంట కంటే వరస ముఖ్యం. మా ఇంట్లో కాళ్లు కడగడం, బట్టలు మార్చడం, దీపం తగ్గించడం, ఒక కథ. ఏ షిఫ్టు వారమైనా ఈ వరస మారదు. ఆయన బి షిఫ్టులో ఉంటే కథ నేను చెబుతాను, పొద్దుటి షిఫ్టైతే ఆయన చెబుతారు. ఆయనకి ఒక్క కథే వచ్చు, నక్కా తాటికాయా. ప్రతిసారీ నక్క వేరే ఊళ్లో ఉంటుంది, ఒకసారి నెల్లిమర్ల, ఒకసారి చీపురుపల్లి. పిల్లలకి ఆ ఒక్క కథే కావాలి.

రోజు మొత్తం మీద నిద్ర ఎంత పడిందో చూసుకోండి. ఏడాది లోపు (నాలుగు నెలలు దాటాక) 12 నుంచి 16 గంటలు, ఒకటి రెండేళ్ల వాళ్లకి 11 నుంచి 14, మూడు నాలుగేళ్లకి 10 నుంచి 13. పగటి కునుకులు కూడా కలిపే ఈ లెక్క. ఏడాది లోపు బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి, ఇందులో మాత్రం పట్టువిడుపు లేదు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. చిన్నదానికి అయిదేళ్లప్పుడు వేసవి సెలవుల్లో నిద్ర టైము పూర్తిగా వదిలేశాను. మేడ మీద చుక్కలు చూస్తూ పదకొండున్నర, పన్నెండు. జూన్‌లో బడి తెరిచాక రెండు వారాలు ప్రతి పొద్దూ ఏడుపే. ఒకరోజు యూనిఫాం తొడుగుతుంటే నిలబడే నిద్రపోయింది, చొక్కా గుండీ నా చేతిలో ఉంది. పొద్దున్న లేచే టైముని పట్టుకుంటే పడుకునే టైము దానంతటదే దారికొస్తుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు సెలవుల్లో కూడా ఏడు దాటనివ్వను.

మావాడికి 13 నెలలు, ఇంకా నడవడం లేదు. పక్కింటి పిల్ల 10 నెలలకే నడిచింది.

పక్కింటి పిల్లని చూడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి 5 దేశాల్లో పిల్లల్ని గమనించి 2006లో ఒక లెక్క ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు సొంతంగా నడిచే వయసు 8 నెలలు దాటిన దగ్గర్నుంచి 17 నెలలు దాటే దాకా పరుచుకుని ఉంది. ఆసరా లేకుండా కూర్చోవడం 4 నెలల దగ్గర్నుంచి 9 నెలల దాకా. మోకాళ్ల మీద అసలు పాకకుండానే లేచి నడిచేసిన వాళ్లు వందలో నలుగురు దాకా ఉన్నారు. 13 నెలలంటే ఆ వరసకి సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. 18 నెలలు వచ్చినా నడవకపోతే చూపించండి.

ఇక మాటల సంగతి. ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

పెద్దాడి విషయంలో అతి చేశానన్న బాధతో చిన్నదాని విషయంలో అన్నిటికీ "దాని టైముకి అదే వస్తుందిలే" అనుకున్నాను. రెండేళ్లు నిండినా "అమ్మ", "తాత", "బూ" తప్ప మాటల్లేవు. మా పెద్దమ్మ "మీ మామయ్య కూడా మూడేళ్లకి గాని నోరు విప్పనేదు" అంది, నాకు అది వినడానికి హాయిగా ఉంది. ఒకరోజు అది అరుగు మీద కూర్చుని చింతగింజలు ఏరుకుంటోంది. వెనక నుంచి పిలిచాను. పలకలేదు. ఇంకోసారి పిలిచాను, మామూలు గొంతుతోనే. లేదు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. తలెత్తి నా పెదాల వంక చూసి నవ్వింది. అది నా మొహం చూడదు, పెదాలు చూస్తుందని నాకు అప్పుడు తట్టింది. రోజూ బడిలో ముప్పై మంది పిల్లల్ని చూసేదాన్ని.

చెవి పరీక్ష చేస్తే, మాటిమాటికీ వచ్చిన జలుబుల వల్ల రెండు కర్ణభేరుల వెనకా నీరు చేరి ఉంది. కొన్ని నెలల్లో నయమైంది, మాటలూ వచ్చాయి, ఇప్పుడు ఆపమన్నా ఆపదు. కానీ ఆరు నెలల ముందే చూపించి ఉండాల్సింది. ఏడాదిన్నర దగ్గరపడినా ఒక్క మాటా రాకపోతే, రెండేళ్లకి "పాలు కావాలి" లాంటి రెండు మాటల కలయిక రాకపోతే, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతే, పిలిస్తే తిరగకపోతే, ఆగకండి. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల లోపాలు ముందే గుర్తించే డీఈఐసీ కేంద్రం ఎక్కడుందో మీ ఏఎన్ఎంని గానీ అంగన్‌వాడీ టీచర్ని గానీ అడగండి. చూపించి "ఏమీ లేదు" అనిపించుకుంటే పోయేది ఒక పూట.

అన్నం తినడు. గిన్నె పట్టుకుని వీధంతా తిరగాలి.

తిరగడం మానేయండి. నేనూ తిరిగాను, కోట దాకా కూడా వెళ్లాను. కాకిని చూపించి ఒకటి, బస్సుని చూపించి ఒకటి. వాడు తినేది అన్నం కాదు, బస్సు.

అమెరికాలో ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు దీన్ని పనుల పంపకంగా చెప్పింది: ఏం పెట్టాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దవాళ్ల వంతు, తినాలా వద్దా, ఎంత తినాలన్నది పిల్లల వంతు. చదవడానికి బాగానే ఉంటుంది, మొదటి వారం ప్రాణం పోతుంది. పెద్దాడు మూడేళ్లప్పుడు మొదటిరోజు రెండు ముద్దలు తిని లేచాడు. నేను గిన్నె తీసేశాను. ఒక గంటకి బిస్కెట్ అడిగాడు. ఇవ్వలేదు. మా అత్తగారు నాతో మాట్లాడలేదు. సాయంత్రం చోడంబలి (రాగి అంబలి) గ్లాసులో పోసి పెడితే ముందు వేలు ముంచాడు, వేలు నాకాడు, గ్లాసు రెండు చేతులతో ఎత్తాడు. మూతి చుట్టూ గోధుమరంగు మీసం. అర గ్లాసు తాగి కింద పెట్టి "ఇంక చాలు" అన్నాడు. నాలుగో రోజుకి పీట మీద వాడే వచ్చి కూర్చున్నాడు.

చోళ్లని తక్కువగా చూడకండి. 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో దాని ముందు ఏమీ లేనట్టే. డబ్బాల పొడులకి వందలు పోసేవాళ్లని చూస్తే నాకు మంట. పలాస చుట్టాలు పంపిన జీడిపప్పు మాత్రం అయిదేళ్లు నిండే దాకా పలుకుగా పెట్టొద్దు, వేరుశనగ గింజలూ అంతే, గొంతుకి అడ్డం పడతాయి. పొడి చేసి కలపండి. బరువు తగ్గుతుంటే, నెలల తరబడి పెరగకపోతే ఈ సలహాలన్నీ పక్కన పెట్టి డాక్టరుకి చూపించండి.

ఏ విషయాల్లో అసలు సడలింపు ఉండకూడదు?

టీకాలు. పుట్టగానే, తర్వాత 6, 10, 14 వారాలకి, 9 నెలలు నిండాక, 16 నుంచి 24 నెలల మధ్య. "జ్వరం వస్తుందని వచ్చే నెల వేయిద్దాం" అనేది పట్టువిడుపు కాదు, బద్ధకం. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరమొస్తే ఇంట్లో తడిగుడ్డ వేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి. విరేచనాలకి ఓఆర్ఎస్ పొట్లం ఏ కొలతకి ఇచ్చారో ఆ కొలత నీళ్లలోనే, పెద్ద పొట్లమైతే సరిగ్గా లీటరు. కళ్లతో అంచనా వేయకూడదు. దానితోపాటు జింకు మాత్రలు 14 రోజులు, రెండో రోజుకే తగ్గినా సరే.

నీళ్లు. మన ఊళ్లలో చెరువు, నుయ్యి, నాగావళి గట్టు, వంశధార కాలువ, అన్నీ నాలుగడుగుల దూరంలోనే. పిల్లాడికి ఈత వచ్చినా పెద్దవాళ్లు లేకుండా దిగకూడదు. ఇది బతిమాలి చెప్పే విషయం కాదు.

అత్తగారు ఒకటంటారు, అమ్మ ఒకటంటుంది, నేను ఇంకొకటి. పిల్ల ఎవరి మాట వినాలి?

పిల్లలు మనకంటే తెలివైనవాళ్లు, ఏ గడపలో ఏ పద్ధతో మూడు రోజుల్లో పట్టేస్తారు. అమ్మమ్మ ఇంట్లో మంచం మీద కూర్చుని తినొచ్చు, మనింట్లో కూడదు అంటే వాళ్లకి అయోమయమేమీ ఉండదు. అయోమయం మనకే. కాబట్టి అమ్మమ్మ ఇంటి పద్ధతులు అమ్మమ్మకి వదిలేయండి.

ఒంటికి హాని చేసేవి మాత్రం ఎవరింట్లోనైనా ఒకటే. ఏడాది లోపు బిడ్డ నాలుక మీద తేనె రాయొద్దు, అందులో ఉండగల బాక్టీరియా వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వస్తుంది. కళ్లకి కాటుక వద్దు, కొన్నిటిలో సీసం ఉంటుంది. దిష్టిచుక్క అరికాలికి పెట్టుకోండి, దిష్టికి అక్కడా కనబడుతుంది. నూనె మర్దన బ్రహ్మాండం, చెవుల్లో ముక్కులో మాత్రం పోయకూడదు. నేను ఈ మాటలు మా అత్తగారికి స్వయంగా చెప్పలేదు, ఏఎన్ఎం చేత చెప్పించాను. కోడలి నోట వచ్చిన మాటకీ తెల్లకోటు నోట వచ్చిన మాటకీ మన దగ్గర తూకం వేరు. దాంతో పోట్లాడి సాధించేదేమీ లేదు, వాడుకోవడమే.

ఒకే తల్లి, ఒకే ఇల్లు. పెద్దదానికి పనిచేసింది చిన్నదానికి ఎందుకు పనిచేయడం లేదు?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. 1956లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్లు, భార్యాభర్తలే, నూటముప్పై పైచిలుకు పిల్లల్ని పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించడం మొదలుపెట్టారు. పుట్టిన కొత్తలోనే స్వభావాల్లో తేడా ఉంటుందని తేల్చారు. సుమారు నూటికి 40 మంది దేనికైనా తేలిగ్గా సర్దుకుపోయేవాళ్లు. ఓ 10 మంది ప్రతిదానికీ పేచీ. 15 మంది కొత్త మనిషీ కొత్త చోటూ అంటే ముందు వెనక్కి తగ్గి, నెమ్మదిగా కలిసేవాళ్లు. మిగిలినవాళ్లు ఏ గూటికీ చెందరు. పిల్ల స్వభావం ఎలాంటిదైనా, ఇంటివాళ్ల తీరు దానికి పొసిగిందా లేదా అన్నదే ముఖ్యమని వాళ్ల మాట.

మా పెద్దాడు ఆ 15 మందిలోవాడు. కొత్త ఇంటికెళ్తే అరగంట నా కొంగులోనే. "పలకరించరా, సిగ్గేటి" అని ముందుకి తోస్తే ఇంకా ముడుచుకునేవాడు. అరగంట వదిలేస్తే ఆ ఇంటి కుక్క పేరుతో సహా తెలుసుకుని వచ్చేవాడు. చిన్నది గుమ్మంలోనే "మీ ఇంట్లో జామచెట్టుందా?" అని అడుగుతుంది. దీనికి కావలసింది ధైర్యం కాదు, కళ్లెం. ఒకే మందు ఇద్దరికీ ఎలా పోస్తాం?

ఫోను?

ఏడాది లోపు అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మధ్యలో ఒకటి నుంచి రెండేళ్ల వాళ్లకీ వద్దనే. మా ఇంట్లో పాటించామా? లేదు. సి షిఫ్టు వారం ఆయన పగలు పడుకోవాలి, ఉన్నవి రెండు గదులు, పిల్లలు నోరు మూసుకోవాలంటే ఫోనే దారి. చాలా రోజులు అలాగే గడిచాయి. తర్వాత పొద్దున్న రెండు గంటలు ఎదురింటి పిన్ని అరుగు అడిగి తీసుకున్నాం, వామనగుంటల పీట, గుప్పెడు గవ్వలు. దానికి బదులు ఆవిడ మనవడికి నేను లెక్కలు చెబుతాను. భోజనం దగ్గరా పక్కలోనూ ఫోను లేదన్నది ఇప్పటికి నిలబడిన నియమం, మావారితో సహా.

మూడేళ్లకే బడిలో వేయాలా? ఎల్‌కేజీలో రాయడం రాకపోతే వెనకబడతాడా?

2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ఒకటో తరగతి ఆరేళ్లకి. అంతకు ముందు మూడేళ్లూ ఆటపాటలతో నేర్చుకునే కాలమే, పరీక్షలది కాదు. పెన్సిల్ని మూడు వేళ్లతో పట్టుకునే పట్టు చాలామందికి నాలుగైదేళ్లకి గాని కుదరదు. మూడేళ్ల పిల్ల చేత నాలుగు గీతల పుస్తకం నింపించడం చేతికి శిక్ష. పిండి పిసకమనండి, చిక్కుడుకాయలు ఈనె తీయమనండి, ముగ్గు చుక్కలు పెట్టమనండి, అదే రాత. ఒకటో తరగతికి ఏమీ రాకుండా వచ్చి, కథ చెబితే నోరు తెరుచుకుని వినే పిల్లలకి చదువు చెప్పడం నాకు తేలిక. ఏ నుంచి జెడ్ దాకా గడగడా అప్పజెప్పి, పుస్తకం చూస్తే మొహం తిప్పేసే వాళ్లతోనే నా తంటా.

ఆటలో గానీ సంగీతంలో గానీ చిన్నప్పుడే పెట్టకపోతే ఆలస్యమైపోతుందేమో?

మా జిల్లాల్లో ఈ ప్రశ్న వస్తే వెంటనే కర్ణం మల్లీశ్వరి పేరొస్తుంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల, 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఇప్పటికీ వీధికొక వెయిట్‌లిఫ్టరు దొరుకుతాడు. ఆ పేర్లు విని పిల్లల్ని తెల్లారగట్ల జిమ్ముకి ఈడ్చే తండ్రులు నాకు తెలుసు. పతకం రానివాళ్ల లెక్క ఎవరూ చెప్పరు. ఆ ఊరి పిల్లలు బరువులెత్తేది అన్నయ్య ఎత్తుతుంటే చూసి, సాయంత్రం పక్కన నిలబడి. ముందు సరదా పుట్టింది, ప్లాను తర్వాత వచ్చింది.

మన ఊరి సంగీత కళాశాలనే తీసుకోండి. 1919లో పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. ఒక ఉద్యోగి కొడుక్కి, చూపు లేని పిల్లాడికి, పాట మీద మక్కువ ఉందని తెలిసి, ఆ పిల్లాడి కోసం మహారాజా పెట్టించారని విజయనగరంలో చెప్పుకుంటారు. పిల్లాడిని చూసి బడి కట్టారన్నమాట. మనం బడి చూసి పిల్లాడిని అందులో ఇరికిస్తున్నాం.

పెద్దాడిని నేను వయొలిన్‌లో వేశాను, ఎనిమిది నెలలు వెళ్లాడు, మానేశాడు. ఫీజు పోయిందని ఏడ్చాను. వాడికి ఇప్పుడు సైకిలు రిపేరు పిచ్చి.

కొట్టకుండా ఎలా మాట వింటారు?

కొడితే వింటున్నారా? బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇంటికి ఆ సెక్షన్ వర్తించకపోవచ్చు, నా వరకు వర్తింపజేసుకున్నాను. రెండుసార్లు చెయ్యి చేసుకున్నాను, రెండుసార్లూ వాళ్ల తప్పు కంటే నా అలసటే ఎక్కువ.

మావారు గుజరాత్‌లో వీరావల్‌కి చేపల వేటకి వెళ్తారు. ఏడాదిలో పది నెలలు పిల్లలకి తండ్రి లేడు. ఏ పద్ధతిలో పెంచను?

ఎచ్చెర్ల వైపు నుంచి ఒకావిడ అడిగారు. శ్రీకాకుళం తీరం వెంబడి ఇలాంటి ఇళ్లు ఎన్నో. గుజరాత్‌లో బోట్లెక్కి, పడమటి తీరంలో జూన్, జూలైల్లో వేట నిషేధమప్పుడు ఇంటికొస్తారు. ఆ ఇంటి క్యాలెండర్ సముద్రం రాస్తుంది, ఎవరి టైం టేబులూ అక్కడ చెల్లదు.

నాకు తోచింది చెబుతాను. తండ్రి వచ్చిన మొదటి రోజుల్లో పిల్ల దగ్గరికి పోదు. "నాన్నే, యెల్లు యెల్లు" అని తోయకండి, ఆయన మనసు చిన్నబుచ్చుకోకుండా ముందే చెప్పి పెట్టండి. ఒక్క పని ఆయనకి అప్పగించండి, స్నానం పోయడమో, జడ వేయడమో, రోజూ అదే. జడ వంకరగా వచ్చినా మళ్లీ విప్పి వేయొద్దు. పది నెలలూ మీరు పెట్టిన పద్ధతుల్ని రెండు నెలల కోసం మార్చకండి, ఆయన తెచ్చిన మిఠాయి పెట్టెల దగ్గర మాత్రం చూసీ చూడనట్టు ఊరుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఆయన లేనప్పుడు "నాన్న రానీ, నీ పని చెప్తాను" అనడం మానండి. రాకరాక వచ్చే మనిషిని పోలీసుని చేసి పెడితే పిల్లలు ఎదురుచూడరు, దాక్కుంటారు.

హైదరాబాదు, చెన్నై పనులకి అమ్మానాన్నలిద్దరూ వెళ్లిపోయి, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉండే ఇళ్లకి కూడా ఇంచుమించు ఇదే. అక్కడ ఫోను విషయంలో నేను చెప్పిందంతా వెనక్కి తీసుకుంటాను. వాళ్లకి వీడియో కాల్ అన్నంతో సమానం.

పండగలకీ పెళ్లిళ్లకీ అంతా తారుమారైపోతుంది కదా?

అవ్వనివ్వండి. దసరా తర్వాత మంగళవారం సిరిమాను (చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) తిరిగే రోజు విజయనగరంలో ఏ పిల్ల టైముకి పడుకుంటుంది? ముందురోజు తొలేళ్ల నుంచే ఇంటినిండా చుట్టాలు. పైడితల్లమ్మ గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరిగేదాకా మా చిన్నది వాళ్ల నాన్న భుజాల మీదే, అరటిపండు పట్టుకుని, మాను మీదకి విసరనివ్వలేదని ఏడుస్తూ. ఆ రాత్రి కాళ్లు కడగడం తప్ప వరసంతా ఎగిరిపోయింది. గురువారానికి మళ్లీ మామూలే.

ఇంతా చేసి మీ పిల్లలు ఎలా ఉన్నారు?

చిన్నది వాగుడుకాయ. పెద్దాడి చేతిరాత కోడి గెలికినట్టుంటుంది, పదమూడో ఎక్కం దగ్గర ఇప్పటికీ తడబడతాడు, అయిదుగురు కూర్చున్న చోట నీళ్లు ముందు ముసలివాళ్లకి ఇస్తాడు. మొన్న వేసవి సెలవులివ్వగానే వాడే ఒక కాగితం మీద స్కేలు పెట్టి గళ్లు గీసి టైం టేబుల్ రాసుకున్నాడు, బీరువా మీద పాత బంక మరక కనబడకుండా సరిగ్గా దాని మీదే అతికించాడు. 5:00 లేవడం, 5:10 వ్యాయామం. మొదటి రోజు ఎనిమిదింటికి లేచాడు. నేనేమీ అనలేదు. మా అత్తగారే దాని ముందు నిలబడి, కళ్లజోడు సర్దుకుని, మొత్తం చదివి, "అచ్చం మీ అమ్మే" అన్నారు.